రాతి మీద పేరు: పల్నాటి నుంచి మురళీనాయక్‌ను తలచుకుంటూ

2025 మే 9న జమ్మూకశ్మీర్‌లో నియంత్రణ రేఖ దగ్గర, పాకిస్తాన్ వైపు నుంచి జరిగిన కాల్పుల్లో ముడావత్ మురళీనాయక్ చనిపోయాడు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా అతని ఊరు. 2022లో అగ్నివీరుడిగా సైన్యంలో చేరాడు. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని ఉగ్రవాదులు కాల్చి చంపాక, మే 7న మన సైన్యం ఆపరేషన్ సిందూర్ మొదలుపెట్టింది. మే 10 సాయంత్రం కాల్పులు ఆపుతున్నట్టు ప్రకటన వచ్చింది. ఇంకొక్క రోజు గడిచి ఉంటే అని ఆ వారమంతా తండాల్లో ఆడవాళ్లు అనుకున్న మాట అదే.

కల్లితండాకూ మా గురజాలకూ మధ్య నాలుగు వందల కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అయినా అతన్ని మేము మా ఇరుగుపొరుగు కుర్రవాడిగానే లెక్కపెట్టుకున్నాం. సుగాలీలలో ఇరుగుపొరుగు అనేది దూరాన్ని బట్టి ఉండదు, ఇంటిపేరును బట్టి ఉంటుంది. ముడావత్ ఇంటిపేరు వాళ్లు ఇక్కడి తండాల్లోనూ ఉన్నారు. ఒకే ఇంటిపేరైతే అన్నదమ్ములే, వాళ్ల మధ్య పెళ్లి సంబంధం కూడా కుదరదు. ఎక్కడి తండా మనిషైనా వచ్చి పేరు చెప్పగానే, ముందు ఇంటిపేరు అడిగి, వరస తేల్చుకుని, ఆ తర్వాతే మంచినీళ్లిస్తారు మా పెద్దలు. ఆ లెక్కన మురళీ ఎందరికో తమ్ముడు, ఎందరికో కొడుకు. ఇంకో చిన్న సంగతి: వాళ్ల శ్రీ సత్యసాయి జిల్లా, మా పల్నాడు జిల్లా ఒకే రోజున, 2022 ఏప్రిల్ 4న పుట్టాయి. ఆ ఏడాదే అతను సైన్యంలో చేరాడు.

అతని గురించి పత్రికల్లో వచ్చిన వివరాలు ఏ తండాకైనా అతికినట్టు సరిపోతాయి. అమ్మానాన్నలకు ఒక్కడే కొడుకు. ఊళ్లో పని దొరక్క వాళ్లిద్దరూ ముంబయి వెళ్లి కూలి చేసుకున్నారు. మెట్టభూమి, ఎండిన బోరు, వలస, హాస్టల్లోనో బంధువుల ఇంట్లోనో పిల్లల చదువు. మా దగ్గర చేరే పిల్లల దరఖాస్తుల్లో తల్లిదండ్రుల చిరునామా దగ్గర 'వలస' అని రాయవలసి వచ్చే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇక్కడివాళ్లు మిర్చి కోతలకూ పత్తి తీతకూ పోతారు, అనంతపురం వైపు వాళ్లు ముంబయికీ బెంగళూరుకూ పోతారు. దారులు వేరు, సంచి ఒకటే. అలాంటి ఇంట్లో నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం, అదీ ఒంటిమీద యూనిఫారంతో, అంటే ఏమిటో మాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

మురళీ భౌతికకాయం బెంగళూరు విమానాశ్రయానికి చేరి, అక్కడి నుంచి రోడ్డు మీద సొంత ఊరికి వచ్చింది. మే 11న సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్, మంత్రి నారా లోకేశ్ వచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, అయిదెకరాల భూమి, 300 గజాల ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. దారి పొడవునా జనం నిలబడ్డారు. ఒక తండా పేరు రాష్ట్రమంతటా అంతలా వినబడడం మేము అంతకుముందు ఎరగం. తండా పేరు పత్రికలో పడిందంటే అది నాటుసారా కేసో, అతిసారమో, రోడ్డు లేక డోలీలో మోసిన గర్భిణి కథో అయి ఉండడం మాకు అలవాటు.

ఆ నెలంతా మా వైపు కూడళ్లలోనూ ఫ్లెక్సీలు వెలిశాయి. ఫ్లెక్సీకి ఆయుష్షు ఒక వానాకాలం. ఆ తర్వాత అది వడ్ల కుప్పల మీద పట్టాగా మారుతుంది. అందులో తప్పేమీ లేదు, పట్టా కూడా పనికొచ్చేదే. కాని చనిపోయిన వీరుడి పేరును ఎలా నిలుపుకోవాలన్నది పల్నాడు ఎప్పుడో నేర్చుకున్న విద్య. అందుకే ఈ సంచికలో అతని గురించి రాయడానికి మాకు మా నేల చరిత్రే ఆసరా అయింది.

మాచర్ల దాటి వెళితే నాగార్జునకొండ. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. 1954 నుంచి 1960 వరకు, సాగర్ జలాశయంలో మునిగిపోకముందే, ఆ లోయనంతా తవ్వి చూశారు. బౌద్ధ స్తూపాలు, విహారాలతో పాటు అక్కడ ఛాయాస్తంభాలు బయటపడ్డాయి. చనిపోయినవారి జ్ఞాపకంగా నిలిపిన రాతి స్తంభాలవి. పై భాగంలో ఆ మనిషి బతుకులోని ఘట్టాలు చెక్కి ఉంటాయి, ప్రాకృతంలో శాసనం ఉంటుంది. ఛాంతమూల మహారాజుకు అతని తల్లి, అక్కచెల్లెళ్లు, రాణులు కలిసి నిలిపిన స్తంభం వాటిలో పేరున్నది. అతని కొడుకు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో దాన్ని నిలబెట్టారు. మాకు ఇంకా ముఖ్యమనిపించేది వేరే ఉంది. ఈ స్తంభాలు రాజులకే పరిమితం కాలేదు. సేనాపతులకూ, యుద్ధంలో పడిపోయిన భటులకూ, ఒక చేతిపనివాడికీ కూడా నిలిపారు. అంటే పదిహేడు వందల ఏళ్ల కిందటే ఈ నేల మీద మామూలు సిపాయి పేరు రాతికెక్కింది. పిల్లల్ని లాంచీలో కొండ మీది మ్యూజియానికి తీసుకుపోయినప్పుడు వాళ్లు బుద్ధుడి దగ్గరా, పెద్ద బొమ్మల దగ్గరా నిలబడి ఫొటోలు దిగుతారు. ఉపాధ్యాయులు ఈసారి ఆ స్తంభాల దగ్గర ఓ పది నిమిషాలు ఆపి చూపిస్తే బాగుంటుంది.

ఆ తర్వాత దాదాపు తొమ్మిది వందల ఏళ్లకు పల్నాటి యుద్ధం. ఈ కథ మా గురజాలదే. నలగామరాజు ఇక్కడి నుంచే ఏలాడు, నాయకురాలు నాగమ్మ మంత్రాంగం ఇక్కడే నడిచింది. మలిదేవుడూ బ్రహ్మనాయుడూ మాచర్ల వైపు. కోడిపందెంలో ఓడి, ఏడేళ్లు ఊరు విడిచి, తిరిగివచ్చి రాజ్యం అడిగితే ఇవ్వకపోవడంతో 1180 ప్రాంతంలో కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున రెండు దాయాదుల సైన్యాలు తలపడ్డాయి. ఇందులో అందరికీ గుర్తుండే పేరు బాలచంద్రుడిది. బ్రహ్మనాయుడి కొడుకు, కొత్తగా పెళ్లయిన కుర్రవాడు. పెద్దలు సంధి మాటలాడుతుంటే ఆగలేక యుద్ధానికి ఉరికినవాడు. తల్లి ఐతాంబ, భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకుని వెళ్లి మళ్లీ తిరిగిరాలేదు.

బాలచంద్రుడు ఒక్కడే వెళ్లలేదు. అతనితోపాటు అన్నదమ్ముల్లా పెరిగిన కులానికొకడు వెళ్లాడు: బ్రాహ్మణుడు అనపోతురాజు, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి. అనపోతురాజు చనిపోతే బ్రహ్మహత్యా పాపం తగులుతుందని బాలచంద్రుడు ఉపాయం చేసి దారిలోంచి వెనక్కి పంపిస్తే, సంగతి తెలుసుకున్న అనపోతు తన ప్రాణం తానే తీసుకున్నాడంటారు. యుద్ధంలో చావడానికి కూడా కులం అడ్డొచ్చిందే అని బాధపడినవాడు అతను. బ్రహ్మనాయుడి సేనాని కన్నమదాసు మాలవాడు. అందరూ ఒకే చాప మీద కూర్చుని తిన్న చాపకూడు గురించి పల్నాట్లో తెలియని ఇల్లు లేదు.

యుద్ధంలో గెలిచిందెవరని అడిగితే జవాబు చెప్పడం కష్టం, రెండు వైపులా అందరూ పోయారు. కాని పేర్లు నిలిచాయి. కారెంపూడిలో వీరుల గుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు వీరారాధన జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధాలను కొణతాలంటారు. వీరాచారవంతులు తమతమ ఊళ్ల నుంచి వాటిని మోసుకొచ్చి నాగులేట్లో కడిగి గుడికి తెస్తారు. వీరవిద్యావంతులు రాత్రుళ్లు కథ పాడతారు. వీళ్లు మాలవారు. 15వ శతాబ్దంలో శ్రీనాథుడు ద్విపదలో పల్నాటి వీరచరిత్ర రాశాడని చెబుతారు, దాన్ని అక్కిరాజు ఉమాకాంతం 20వ శతాబ్దంలో అచ్చు వేయించారు. అయితే కవి రాసినా రాయకపోయినా, పాడేవాళ్లే లేకపోతే ఆ కథ ఎనిమిది వందల ఏళ్లు బతికేది కాదు. 1982లో అమెరికా పరిశోధకుడు జీన్ రాఘైర్ పల్నాటి కథ మీద పుస్తకం వేశాడు. అతను ఆధారం చేసుకున్నది ఆలిశెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుడి నోటి పాటనే.

పేరు నిలవడానికి ఏమేం కావాలో ఇక్కడ చూడవచ్చు. ఒక చోటు, ఒక తిథి, చేతికందే ఒక వస్తువు, కథ చెప్పడం బాధ్యతగా తీసుకున్న కొందరు మనుషులు. బాలచంద్రుడికి ఈ నాలుగూ దొరికాయి. తండాల కుర్రవాళ్లకు దొరకలేదు.

యుద్ధాలకు మావాళ్లు కొత్తవాళ్లు కాబట్టి దొరకలేదేమో అనుకుంటే అదీ నిజం కాదు. లంబాడీలూ సుగాలీలూ బంజారాలూ అని పిలవబడే మా పూర్వీకులు శతాబ్దాల పాటు సైన్యాల వెంట నడిచినవారే. కత్తి పట్టుకుని కాదు, ఎద్దుల మీద గోనెలు వేసుకుని. 17వ శతాబ్దంలో ఈ దేశంలో తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వేలాది ఎద్దులతో వెళ్లే మా బిడారుల్ని చూసి ఆశ్చర్యపోయి రాశాడు. ఒకరు ధాన్యం, ఒకరు బియ్యం, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు మోసేవారు. మొగలు సేనలు దక్కనుకు వచ్చినప్పుడు జంగీ, భంగీ నాయకుల ఎద్దులే తిండి గింజలు తెచ్చాయని తండాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1791–92లో కారన్‌వాలీసు టిప్పు సుల్తాను మీదికి శ్రీరంగపట్నానికి వెళ్లినప్పుడు ఆ దండుకు ధాన్యం మోసినవాళ్లలో బంజారాలే ముఖ్యులు. సైన్యం కడుపుతోనే నడుస్తుంది కదా. ఆ దారుల్లో రోగాలతో, ఆకలితో, దోపిడీల్లో ఎందరు పోయారో. ఎద్దుల లెక్క దొరలు రాసుకున్నారు. మనుషుల పేర్లు రాయలేదు.

ఆ తర్వాత రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు చట్టాలు వచ్చాయి, ఎద్దుల బేరం పడిపోయింది. తిరిగే జనమంతా అనుమానితులయ్యారు. 1871 నేరస్త జాతుల చట్టం కింద దేశంలో చాలా సంచార జాతులకు పుట్టుకతోనే దొంగ ముద్ర పడింది. బంజారాలకూ కొన్నిచోట్ల అది తప్పలేదు. ఆ ముద్ర 1952 ఆగస్టు 31న గానీ పోలేదు. ఎవరి తాతల పేరు పోలీసు రిజిస్టరులో ఉండేదో, వాళ్ల మనవడి శవపేటిక మీద జాతీయ జెండా కప్పారు. మురళీనాయక్ పేరు తండాలకు అంత బరువుగా తగలడానికి ఇదొక కారణం. పోలీసు వందనం చేస్తుంటే చూసి మా ముసలివాళ్లలో కొందరు ఏడ్చింది దుఃఖంతో మాత్రమే కాదు.

గోర్‌బోలిలో ఢావ్లో అని ఒకటుంది. ఆడవాళ్లు రాగం తీసి, మాటలు అప్పటికప్పుడు కట్టుకుంటూ ఏడుస్తారు. పెళ్లికూతుర్ని సాగనంపేటప్పుడూ, చావు దగ్గరా. పోయిన మనిషి ఏం తిన్నాడు, ఎవరిని ఏ వరసతో పిలిచేవాడు, చివరిసారి ఏమన్నాడు అన్నీ అందులో వస్తాయి. మావాళ్లకున్న వీరగాథ అదే. కాని అది ఒక పగలూ ఒక రాత్రీ ఉండి గాలిలో కలిసిపోతుంది. వీరవిద్యావంతుల్లాగా దాన్ని ఏటేటా మళ్లీ ఎత్తుకునే ఏర్పాటు మాకు లేదు. ఈ సంఘం చేయదగిన మొదటి పని అదేనని మేము అనుకుంటున్నాం: ఢావ్లో పాడగల అవ్వల దగ్గర కూర్చుని ఫోనులోనైనా రికార్డు చేయడం. పిల్లలకు గోర్‌బోలి సగం సగమే వస్తోంది ఇప్పుడు.

మిగతా ఆదివాసీల సంగతి చూస్తే, 1971 యుద్ధంలో గంగాసాగర్ దగ్గర చనిపోయిన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా ఉరావ్ తెగవాడు. పరమవీరచక్ర ఇచ్చారు. ఝార్ఖండ్‌లోని గుమ్లా జిల్లాలో అతని సొంత మండలానికే అతని పేరు పెట్టారు. మన రాష్ట్రంలో పశ్చిమ గోదావరి జిల్లా మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు, ఇంటింటా సిపాయి ఉన్న ఊరని. అక్కడ పుట్టిన పిల్లవాడికి సైన్యం తాతల నుంచి వచ్చిన దారి. తండా పిల్లవాడికి అలా చేయి పట్టుకుని తీసుకుపోయే తాత ఉండడు. దారి తెలియకుండానే వెళతాడు.

ఆ దారి ఇప్పుడు ఎలా ఉందో కూడా చెప్పుకోవాలి. దండలు వేసి ఊరుకుంటే మురళీకి న్యాయం చేసినట్టు కాదు. 2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ పథకం ప్రకటించింది. నాలుగేళ్ల కొలువు. మొదటి ఏడాది నెలకు 30 వేలు, నాలుగో ఏడాదికి 40 వేలు. చివర సేవానిధి కింద 11.71 లక్షల దాకా చేతికొస్తుంది. వందలో పాతిక మందిని మాత్రమే పూర్తికాలం సైన్యంలోకి తీసుకుంటారు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. విధుల్లో చనిపోతే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన కాలానికి జీతం, సేవానిధి కుటుంబానికి అందుతాయి. చిన్న మొత్తం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కాని అదే కందకంలో పక్కన నిలబడి, అదే గుండుకు చనిపోయిన పాత పద్ధతి సిపాయి కుటుంబానికి ఆఖరి జీతమంత పింఛను నెలనెలా బతికున్నంత కాలం వస్తుంది. అగ్నివీరుడి తల్లికి అది రాదు.

2024లో పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం అగ్నివీరుల కుటుంబాలకు కూడా మామూలు సైనికుల కుటుంబాలతో సమానంగా అన్నీ ఇవ్వాలని సిఫారసు చేసింది. మురళీ తల్లి ఇదే అడుగుతూ బొంబాయి హైకోర్టు తలుపు తట్టారు. ముంబయిలో కూలి చేసుకున్న తండా తల్లి, కొడుకు పోయిన దుఃఖంలో ఉండి, అగ్నివీరుడి ప్రాణమూ సిపాయి ప్రాణమూ ఒకటి కాదా అని అడిగింది. మాకు తెలిసినంతలో తండాల చరిత్రలో ఇంత సూటి ప్రశ్న అంత పెద్ద చోట అడిగినవాళ్లు తక్కువ. డబ్బు కోసం అని ఎవరైనా అంటే అననివ్వండి. కారెంపూడిలో బ్రాహ్మణుడి పక్కన మాల సేనానికి కూడా గుడిలో పూజ జరుగుతుంది. చనిపోయాక అందరూ ఒకటే అని పల్నాడు ఒప్పుకుని ఎనిమిది వందల ఏళ్లయింది.

మా హాస్టల్ పిల్లల అన్నలు డిగ్రీ చదువు మధ్యలో వదిలి పొద్దున్నే రోడ్డు మీద పరుగు తీస్తున్నారు. 1.6 కిలోమీటర్లు ఎన్ని నిమిషాల్లో పూర్తయిందో ఫోనులో చూసుకుంటారు. మా అమ్మాయిల్లోనూ మిలిటరీ పోలీసులో చేరడం గురించి అడిగేవాళ్లున్నారు. వద్దని మేము ఎవరికీ చెప్పం. చెప్పడానికి మా దగ్గర అంతకన్నా మంచి ఉద్యోగం లేదు. అయితే నాలుగేళ్ల లెక్క, పాతిక శాతం లెక్క, సేవానిధి లెక్క బోర్డు మీద రాసి చూపిస్తాం. బీఈడీలో మాకు నేర్పిన పద్ధతి ప్రకారం, లెక్క తెలిశాకే నిర్ణయం పిల్లలది. మురళీ ఫొటో పక్కనే ఆ లెక్కలూ గోడ మీద ఉన్నాయి. కొందరు తల్లిదండ్రులకు ఇది నచ్చలేదు, పిల్లల ఉత్సాహం చల్లారుతుందని. చల్లారలేదు. పరుగు తీసేవాళ్లు పరుగు తీస్తూనే ఉన్నారు.

ఇక ఈ సంచిక చదివేవారికి ఒక మనవి. గురజాల, మాచర్ల, రెంటచింతల, దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు తండాల నుంచీ, చెంచు గూడేల నుంచీ, ఎరుకల, యానాది కాలనీల నుంచీ సైన్యంలోకీ, సరిహద్దు భద్రతా దళంలోకీ, సీఆర్‌పీఎఫ్‌లోకీ వెళ్లినవారి పేర్లు సంఘం ఒక పుస్తకంలో రాస్తోంది. బతికున్నవారివీ, పోయినవారివీ. పేరు, ఊరు లేదా తండా, దళం, చేరిన సంవత్సరం, తిరిగివచ్చిన సంవత్సరం. తిరిగిరాని వారికి ఆ గడి ఖాళీగా ఉంచండి, తేదీ పక్కన రాయండి. ఇంటిపేరు మాత్రం ధ్రువపత్రంలో గుమాస్తా రాసినట్టు కాకుండా ఇంట్లో పిలుచుకునేటట్టే రాసి పంపండి. పాత ఫొటో ఉంటే ఫోనుతో తీసి జత చేయండి, ఫొటో వెనక ఏమైనా రాసి ఉంటే ఆ వైపు కూడా.